14 నెలల రీఫ్ ట్యాంకులో ఇసుక రెండు రోజులకే గోధుమరంగుకు తిరుగుతోంది

ప్రశ్న: గులకరాయి, హైదరాబాద్

మిత్రులందరికీ నమస్కారం.

మా ఇంట్లో 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల రీఫ్ ట్యాంకు, అంటే సముద్రపు చేపలను, పగడాలను పెంచే ఉప్పునీటి అద్దాల తొట్టి ఉంది. సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. పెట్టి 14 నెలలు అయింది. అందులో ఒక జత క్లౌన్ చేపలు, రెండు కార్డినల్ చేపలు, రాతి కింద బొరియ చేసుకొని ఉండే ఒక చిన్న గోబీ చేప ఉండేవి. పగడాలలో మెత్తని రకాలు మాత్రమే, అంటే జోవాంథిడ్‌లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ కోరల్ పెంచుతున్నాను. రాళ్లు సముద్రంలోంచి తీసినవి కావు, దుకాణంలో అమ్మే పింగాణీ రాళ్లు. అడుగున సన్నరకం అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుకను 7 సెంటీమీటర్ల మందాన పరిచాను. మొదటిరోజు అది అప్పుడే గోతాంలోంచి పోసిన పంచదారలా ఉంది.

మొదటి నెలలో ఇసుక మీద గోధుమరంగు పొర వచ్చింది. కొత్త ట్యాంకులన్నిటిలోనూ అది వస్తుందని, దానంతట అదే పోతుందని దుకాణంలో చెప్పారు. రెండో నెలకు కొంత తగ్గిన మాట నిజమే గాని, పూర్తిగా ఎన్నడూ పోలేదు. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి మరీ ఎక్కువైంది. ఆదివారం పైపొరను తీసి శుభ్రం చేస్తే మంగళవారం సాయంత్రానికి మళ్లీ గోధుమరంగు తేలుతోంది. ఇది చాలదన్నట్టు, ముందు అద్దం అడుగు అంచు వెంట ఇసుకలో వేలెడు వెడల్పున నల్లని చార ఒకటి ఏర్పడింది.

నెల రోజుల కిందట నేను చేసిన పని ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ నల్లని చారను వదిలించుకోవాలని ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక పొడవాటి ప్లాస్టిక్ స్కేలు తీసుకొని, ఇసుకను ఈ చివర నుంచి ఆ చివరకు అడుగు అద్దం తగిలేదాకా కలియబెట్టాను. నీళ్లు కుడితిలా అయిపోయాయి. కుళ్లిన గుడ్డు వాసన గది అంతా కమ్ముకుంది. వంటింట్లో ఉన్న మా అమ్మ మురుగుకాలువ ఎక్కడైనా పొంగిందేమోనని బయటికి వెళ్లి చూసి వచ్చింది. తెల్లవారి లేచేసరికి చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కార్డినల్ చేపలలో ఒకటి అప్పటికే చనిపోయింది. తప్పు నాదేనని తెలుసు. ఏ తప్పు చేశానో మాత్రం ఇంకా సరిగ్గా తెలియదు.

ప్రస్తుతం ఉప్పదనం 35, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, నైట్రేట్ 20, ఫాస్ఫేట్ 0.15, అమ్మోనియా సున్నా. దీపం రోజుకు 9 గంటలు వెలుగుతుంది. వేడి తగ్గడానికి నీటి మీదికి ఫ్యాను పెట్టాను. సముద్రపు ఉప్పు కలపడానికైనా, ఆవిరైన నీటి స్థానంలో పోయడానికైనా ఇంట్లో మేము తాగే ఆర్‌ఓ నీళ్లే వాడుతున్నాను. చేపలకు రోజుకు రెండుసార్లు గుళికలు, వారంలో మూడు రోజులు గడ్డకట్టిన మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) వేస్తాను.

ఇసుక మొత్తం తీసేసి ఉత్త అద్దం మీదనే నడపడం మంచిదా, లేక ఇసుకను శుభ్రంగా ఉంచే జీవులను ఏవైనా తేవాలా? గోబీ బొరియను చెదరగొట్టడం నాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: అలలసవ్వడి, డాలస్

గులకరాయి గారూ, కార్డినల్ చేప పోయినందుకు బాధగా ఉంది. 11 ఏళ్లుగా రీఫ్ ట్యాంకులు నడుపుతున్నాను. మీ ట్యాంకులో ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలని ముందుగా గమనించాలి. పైనున్న గోధుమరంగుకూ అడుగునున్న నలుపుకూ కారణం ఒకటి కాదు కనుక, ఒకే వైద్యంతో రెండూ పోవు.

నలుపు సంగతి ముందు చెబుతాను. ఇసుకలోకి దిగేకొద్దీ ఆక్సిజన్ తగ్గిపోతుంది. సన్నని ఇసుకలో పైన ఒకటి రెండు సెంటీమీటర్లు దాటితే అది దాదాపు ఉండదు. అక్కడి బాక్టీరియా ఆక్సిజన్ బదులు నైట్రేట్‌ను వాడుకొని, దానిని నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. మనకు కావలసింది ఇదే. ఇంకా కిందికి పోతే నైట్రేట్ కూడా అయిపోతుంది. అప్పుడు వేరే రకం బాక్టీరియా సల్ఫేట్ మీద పడుతుంది. సముద్రపు నీటిలో సల్ఫేట్‌కు కొరత లేదు, లీటరుకు సుమారు 2.7 గ్రాములు ఉంటుంది. దాని నుంచి పుట్టేదే మీ అమ్మగారికి తెలిసిన ఆ కుళ్లిన గుడ్డు వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ వాయువు ఇసుకలోని ఇనుముతో కలిసినప్పుడు నల్లని చార ఏర్పడుతుంది. చార కదలకుండా ఉన్నంతకాలం చేపలకు పెద్ద ప్రమాదం లేదు. మీరు దానిని ఒక్కసారిగా పైకి లేపారు. విషవాయువు నీటిలో కలవడం ఒక దెబ్బ అయితే, ఆ కుళ్లు అంతా నీటిలోని ఆక్సిజన్‌ను పీల్చేయడం రెండో దెబ్బ.

ఇసుక మందం గురించి నా అభిప్రాయం ఇది. రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల పలుచని పొర అయితే అద్దం దాకా గొట్టం పెట్టి శుభ్రం చేయవచ్చు. 10 నుంచి 15 సెంటీమీటర్ల మందపు పొర అయితే పురుగులకు, సూక్ష్మజీవులకు అప్పగించి మనం చేయి పెట్టకూడదు. మందపు పొరకు శాస్త్రీయమైన ఆధారమూ ఉంది. మొనాకోలో ఝాన్ జోబెర్ 1980లలో ఇసుక కింద ఖాళీ అర వదిలి, మందంగా పరిచిన పొరతోనే నైట్రేట్‌ను అదుపులో ఉంచి పగడాలను పెంచాడు. మీ 7 సెంటీమీటర్లు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. శుభ్రం చేయడానికి లోతు ఎక్కువ, వదిలేయడానికి లోతు తక్కువ. దానిని మెల్లగా 4 సెంటీమీటర్లకు తెచ్చుకొమ్మని నా సలహా. నాకూ ఒకప్పుడు 12 సెంటీమీటర్ల పొర ఉండేది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా మంచు పడి కరెంటు పోయినప్పుడు, పంపులు ఆగిన ట్యాంకులో ఆ పొర ఎంత వేగంగా ఆక్సిజన్‌ను తినేస్తుందో కళ్లారా చూశాను. ఆ తర్వాత మళ్లీ మందంగా పరచలేదు. కరెంటు కోతలు ఉండే ఊరిలో మీరూ ఈ విషయం ఆలోచించాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండితీరాలి.

తీసే పద్ధతి చెబుతాను. ట్యాంకు అడుగును మనసులో ఆరు వంతులుగా విభజించుకోండి. వారానికి ఒక వంతు మాత్రమే ముట్టుకోండి. 12 మిల్లీమీటర్ల గొట్టానికి కొస దగ్గర వెడల్పాటి గొట్టం తొడిగి, దానిని ఇసుకలోకి నిలువుగా గుచ్చి, చేతిలోని గొట్టాన్ని వేళ్లతో కొద్దిగా నొక్కి పట్టండి. ఇసుక గొట్టంలో సగం దాకా ఎగిరి, మురికి పైకి పోయి, రేణువులు కిందికి రాలాలి. ఇసుక మరీ పైకి వస్తుంటే ఇంకా నొక్కాలి, మురికి కదలకపోతే వదలాలి. వేళ్లకు ఆ పట్టు రెండు వారాల్లో అలవడుతుంది. మందం తగ్గించదలచినచోట నొక్కడం మాని, ఇసుకను కూడా బకెట్టులోకి పోనివ్వండి. 25 లీటర్ల నీళ్లు పోయాక, చేతికింద వంతు పూర్తి కాకపోయినా ఆపేయాలి. రాళ్లు ఇసుక మీద కాక నేరుగా అద్దం మీద కూర్చున్నాయో లేదో ముందే చూసుకోండి. కింద ఇసుక జారితే గోడ కూలినట్టు కూలతాయి. గోబీ ఉన్న వంతును వదిలేయండి, దాని బొరియను అదే తవ్వి శుభ్రం చేసుకుంటుంది.

ఇక గోధుమరంగు. అది ఏమిటో తెలియకుండా మందు వేయకండి. గోధుమరంగు పొరలు మూడు రకాలు, మూడూ సూక్ష్మజీవులు కట్టేవే. వేలితో కదిపితే పొడిలా లేచేవి డయాటమ్‌లు. దుప్పటిలా ముక్కలుముక్కలుగా ఊడివచ్చేది సయానోబాక్టీరియా; దానికి తరచు ఎరుపు లేదా ఊదా ఛాయ ఉంటుంది. చీమిడి తీగల్లా సాగుతూ, కొసన గాలిబుడగలు పట్టుకొని ఊగేవి డైనోఫ్లాజెల్లేట్‌లు. ఈ మూడోవి ఎక్కువగా నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయిన ట్యాంకులలో వస్తాయి కనుక మీ అంకెలు చూస్తే నాకు వాటి మీద అనుమానం తక్కువ. అయినా ఒక పరీక్ష చేయండి. పైపొరను కొంచెం ట్యాంకు నీటితో సీసాలోకి తీసి, గట్టిగా కుదిపి, ఫిల్టర్ కాగితంలో గాజు గ్లాసులోకి వడకట్టి, ఆ గ్లాసును ఒక గంట దీపం కింద ఉంచండి. వడకట్టిన నీటిలో మళ్లీ తీగలు కట్టుకుంటే అవి డైనోఫ్లాజెల్లేట్‌లు. లేకపోతే తక్కిన రెంటిలో ఒకటి.

జీవుల విషయానికి వస్తే, మాంసాహారపు తునకలకు నస్సారియస్ నత్తలు, పైపొరకు సెరిత్ నత్తలు మంచివి. నస్సారియస్ ఇసుకలో మునిగి ఉండి, మేత వాసన తగలగానే తొండం ముందు పెట్టుకొని పైకి వస్తుంది. ఇసుక పైభాగం దానివల్ల గుల్లబారుతుంది గాని, గోధుమరంగు పొరను అది తినదు. ఇసుక జల్లెడ పట్టే పెద్ద గోబీలను, ఇసుకలో తిరిగే నక్షత్ర చేపలను మీ పరిమాణపు ట్యాంకులోకి తేవద్దు. ఇసుకలోని చిన్న జీవులన్నిటినీ కొన్ని నెలల్లో తినేసి ఆకలితో చస్తాయి. ఇక్కడ నా ట్యాంకులో ఒక సముద్ర దోసకాయ ఉంది, ఇసుకను మింగి కడిగి వదులుతుంది; అంతకంటే మంచి పనివాడు లేడు.

జవాబు: ఉప్పుటేరు, కైకలూరు

నాకు అద్దాల ట్యాంకు లేదు. 16 ఏళ్లుగా చెరువుల్లో రొయ్యలు సాగు చేస్తున్నాను. అడుగు నల్లబడటం, గుడ్డు వాసన, తెల్లవారేసరికి పైకి తేలడం అన్న మూడు మాటలు చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మా దగ్గర లక్షలు పోయే జబ్బు అదే.

మీ తప్పు ఏమిటని అడిగారు. కలియబెట్టడం ఒక్కటే కాదు, రాత్రిపూట కలియబెట్టడం. చెరువులో గాని ట్యాంకులో గాని పగలు వెలుతురు ఉన్నంతసేపు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడితే అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. మేము ఆ వేళకు ఒక్క ఏరేటరు కూడా ఆపము, కరెంటు పోతే జనరేటరు మీద నిద్రలేకుండా కూర్చుంటాము. మీరు రాత్రి భోజనాల తర్వాత అడుగును లేపారు. ఆక్సిజన్ తరిగే గంటల్లోకి ఆక్సిజన్ తినే మురికిని వదిలినట్టయింది. అదే పని ఉదయం 10 గంటలకు, దీపం వెలిగాక, గాలి పంపు పెట్టి, ఒక మూలన చేసి ఉంటే ఆ చేప బహుశా బతికేది.

మా ప్రాంతంలో చెరువు అడుగున గొలుసులు లాగుతారు. తాడుకు ఇనుప గొలుసులు వరుసగా వేలాడదీసి, రెండు గట్ల నుంచి ఇద్దరు లాగుతుంటే మట్టి పైపొర కదిలి, కింద చేరిన గ్యాసు కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. ఈ పని పంట తొలిదశ నుంచి క్రమం తప్పకుండా చేసిన రైతుకు మేలు చేస్తుంది. మూడు నెలలు ఊరుకొని, అడుగు నల్లగా మారి రొయ్య మేత మానేశాక ఒకేరోజు గొలుసు లాగిన రైతు మరునాడు చచ్చిన రొయ్యలను గంపలకెత్తుతాడు. మా పక్క చెరువులో నేను చూశాను. డాలస్ వారు చెప్పిన ఆరు వంతుల పద్ధతి మా గొలుసు పద్ధతికి దగ్గరగానే ఉంది, నాకు నచ్చింది.

ఇంకొక మాట మేత గురించి. రోజుకు రెండుసార్లు గుళికలు వేస్తున్నానన్నారు గాని, తిన్నది ఎంత, అడుగుకు పోయింది ఎంత అన్నది రాయలేదు. మేము చెరువులో చెక్ ట్రేలు పెడతాము. మేత చల్లినప్పుడే కొంత ట్రేలో వేసి, గంటన్నర రెండు గంటల తర్వాత పైకి తీసి, మిగిలిన మేతను బట్టి తర్వాతి పూట కొలత తగ్గిస్తాము. మీరు కూడా ఇసుక మీద ఒక చిన్న గాజు సాసరు పెట్టి, దాని పైననే మేత వేసి, పది నిమిషాల తర్వాత చూడండి. సాసరులో మిగిలినదంతా ఇన్నాళ్లూ ఇసుకలోకి పోతున్న సరుకే. గడ్డకట్టిన మైసిస్‌ను కరిగించి, ఆ రసం పారబోసి, వడకట్టినదే వేయాలి.

జవాబు: గులకరాయి, హైదరాబాద్

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఉప్పుటేరు గారు చెప్పిన వేళ సంగతి చదివాక చాలాసేపు ట్యాంకు ముందు కూర్చున్నాను.

మూడు వారాలలో చేసినవి చెబుతాను. ఫిల్టర్ కాగితం పరీక్ష రెండుసార్లు చేశాను. వడకట్టిన నీళ్లు గంట తర్వాత కూడా తేటగానే ఉన్నాయి, తీగలు కట్టలేదు. కళాశాలలో పనిచేసే మిత్రుని దగ్గరకు ఒక సీసా తీసుకువెళ్లి 400 రెట్ల మైక్రోస్కోపు కింద చూశాను. రెండు కొసలా కూసుగా ఉన్న చిన్న పడవలు, వాటి మీద సన్నని గీతలు, కొన్ని మెల్లగా జరుగుతున్నాయి కూడా. డయాటమ్‌లేనని ఆయన అన్నాడు.

సాసరు పెట్టి చూస్తే వేసిన గుళికలలో దాదాపు మూడోవంతు మిగిలాయి. మేత తగ్గించాను. ఆదివారాలు ఉదయం 10 గంటలకు మొదలుపెట్టి వంతుల వారీగా మూడు వంతులు శుభ్రం చేశాను. మొదటి బకెట్టు నీళ్లు కాఫీ డికాక్షను రంగులో వచ్చాయి, అడుగున ఉబ్బిపోయిన గుళికలు గుప్పెడు తేలాయి. చేపలకు ఏ ఇబ్బందీ కలగలేదు.

అయితే గోధుమరంగు మాత్రం ఆగలేదు. శుభ్రం చేసిన వంతులో మూడోరోజుకు తిరిగి వచ్చింది, ముట్టుకోని వంతులలో ఎలా ఉందో అలాగే వచ్చింది. నైట్రేట్ 20 నుంచి 12కు తగ్గినా దానిలో తేడా లేదు. నేను ఏదో చూడకుండా వదిలేస్తున్నాననిపిస్తోంది.

జవాబు: చుక్కనీరు, కూకట్‌పల్లి

మీరు చూడకుండా వదిలేసినది మీ మొదటి ప్రశ్నలోనే ఉంది. తాగే ఆర్‌ఓ నీళ్లు వాడుతున్నానని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు.

డయాటమ్‌ల గుల్ల సిలికాతో తయారవుతుంది. సిలికేట్, అంటే నీటిలో కరిగిన సిలికా, లేనిదే అవి పెరగవు. కొత్త ట్యాంకులో మొదట ఉన్న సిలికేట్ అయిపోగానే పొర కూడా పోతుంది, మీ దుకాణంవారు చెప్పింది అందుకే చాలామంది విషయంలో నిజమవుతుంది. 14వ నెలలో కూడా పొర వస్తున్నదంటే ఎవరో రోజూ సిలికేట్ పోస్తున్నారన్నమాట. మన హైదరాబాదు కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతి పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో కరిగిన సిలికా బాగా ఉంటుంది.

ఆర్‌ఓ పొర సిలికాను చాలావరకు ఆపుతుంది, నిజమే. కానీ ఇళ్లలో గోడకు తగిలించే యంత్రాలు రుచి కోసం చేసినవి. వాటి లోపల టీడీఎస్ కంట్రోలరు అనే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. అది ఆర్‌ఓ పొర దాటని నీళ్లను కొంత, వడపోసిన నీళ్లలో తిరిగి కలుపుతుంది. కొన్నిటిలో ఖనిజాలు కలిపే డబ్బా కూడా ఉంటుంది. తాగడానికి అది మంచిదే. పగడాల ట్యాంకుకు మాత్రం కుళాయిని కొద్దిగా విప్పి వదిలినట్టే.

మీ యంత్రం నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో, కొలిచి చూడండి. మా ఇంట్లో 55 ఉండేది, మీకూ అటూ ఇటూగా అంతే ఉంటుందనుకొని లెక్క వేస్తాను. ఫ్యాను పెట్టిన 4 అడుగుల ట్యాంకులో వేసవిలో రోజుకు 5 లీటర్లు ఆవిరైపోవడం మామూలు. నెలకు 150 లీటర్లు. లీటరుకు 55 మిల్లీగ్రాముల చొప్పున నెలకు 8 గ్రాములకు పైగా ఏవేవో లవణాలు ట్యాంకులో చేరుతున్నాయి. ఆవిరై పోయేది ఉత్త నీరే, తక్కినదంతా అక్కడే మిగిలిపోతుంది. వేసవిలో గోధుమరంగు ఎందుకు పెరిగిందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. ఎండ పెరిగింది, ఆవిరి పెరిగింది, మీరు పోసే నీళ్లు పెరిగాయి.

ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) దాటించిన నీళ్లు వాడాలి. వంటింటి యంత్రాన్ని మార్చవద్దు, ట్యాంకుకు వేరే చిన్న ఆర్‌ఓ బిగించి, దానికి డీఐ డబ్బాలు రెండు వరుసగా పెట్టండి. రెండు ఎందుకో చెబుతాను, ఇక్కడే నేను ఏడాది పాటు మోసపోయాను. డీఐ రెసిన్ శక్తి తగ్గేటప్పుడు ముందుగా జారిపోయేవాటిలో సిలికా ఒకటి. పైగా అది నీటిలో విద్యుదావేశం దాదాపు లేకుండా ఉంటుంది గనుక టీడీఎస్ మీటరు దానిని పట్టుకోలేదు. మీటరు సున్నా చూపిస్తూనే ఉంటుంది, ఇసుక గోధుమరంగు అవుతూనే ఉంటుంది. రెండు డబ్బాలు ఉంటే మొదటిది జారవిడిచినది రెండోది పట్టుకుంటుంది. మొదటిదాని రంగు పూర్తిగా మారగానే దానిని తీసేసి, రెండోదానిని ముందుకు జరిపి, కొత్తదానిని వెనుక పెట్టండి. ఒక బకెట్టు మంచి నీటికి మూడు బకెట్లు పారబోతగా వస్తాయి, అవి మేడమీద తొట్లకు, గచ్చు కడగడానికి పనికివస్తాయి.

ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు వేస్తే సిలికేట్‌ను కొంత పీల్చుకుంటాయని ఎవరైనా చెబుతారు. అది నిజమే గాని అవి ఫాస్ఫేట్‌ను కూడా పీల్చేస్తాయి. మీ 0.15ను ఒక్కసారిగా సున్నాకు తెచ్చుకుంటే, డాలస్ వారు చెప్పిన ఆ చీమిడి తీగలు రావడానికి దారి తెరిచినట్టే అవుతుంది. నీళ్లు మార్చండి, వంతులు కొనసాగించండి, ఓపిక పట్టండి. ట్యాంకులో ఉన్న డయాటమ్‌లను గొట్టంతో లాగి పారేస్తున్న ప్రతిసారీ వాటి గుల్లలతోపాటు సిలికా కూడా బయటికి పోతోంది.

జవాబు: ఎర్రమట్టిదిబ్బ, భీమిలి

ఇసుక గురించి, చట్టం గురించి రెండు మాటలు చేర్చదలిచాను.

డాలస్ మిత్రులు సముద్ర దోసకాయను మెచ్చుకున్నారు. అమెరికాలో సరే, మన దేశంలో ఎవరూ దాని కోసం వెతకవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001లో సముద్ర దోసకాయలన్నిటినీ మొదటి షెడ్యూలులో చేర్చారు. గట్టి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లు (విసనకర్రలాంటి పగడాలు) కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. గులకరాయి గారు మెత్తని పగడాలతో, పింగాణీ రాళ్లతో సరిపెట్టుకున్నారని చదివి సంతోషించాను.

పలుచన చేశాక ఎప్పుడైనా ఇసుక చేర్చవలసి వస్తే సముద్రతీరం నుంచి తేవద్దు. నేను పదేళ్ల కిందట మా తీరం ఇసుక తెచ్చి, ఇరవైసార్లు కడిగి పోశాను. భీమిలి ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి, తడి ఇసుకలో నల్లని చారలుగా కంటికి కనిపిస్తాయి. ఆ నల్లని రేణువులలో అయస్కాంతానికి అంటుకునేవి ఉన్నాయి. అద్దం తుడిచే అయస్కాంతపు బ్రష్షును ఇసుక అంచు దాకా దించిన ప్రతిసారీ అవి ఎగిరివచ్చి దాని మెత్తకు పట్టుకునేవి. నెల తిరిగేసరికి ముందు అద్దం మీద విల్లులాంటి గీతలు డజను పడ్డాయి. ఇప్పటికీ దీపం వెలిగినప్పుడు కనిపిస్తాయి. పైగా అరగొనైట్‌లా ఆ ఇసుక క్షారతకు ఏ సాయమూ చేయదు.

తీరంలో ఉన్నవారు సముద్రపు నీళ్లే వాడుకోవచ్చు కదా అని అనుకునేవారికి కూడా ఒక మాట. వర్షాలు వెళ్లిన తర్వాత కొన్ని నెలలు ఒడ్డు దగ్గర మా సముద్రం ఉప్పదనం బాగా పడిపోతుంది, ఉత్తరాది నదులు మోసుకొచ్చిన నీరు కలుస్తుంది. నది నీరంటే సిలికేట్ కూడా వచ్చినట్టే. నేను ఏప్రిల్, మే నెలల్లో, ఓడరేవుకు దూరంగా, పడవ మీద లోపలికి వెళ్లి తెచ్చినవే వాడతాను.

జవాబు: గులకరాయి, హైదరాబాద్

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఫలితం తేలేదాకా రాయకూడదనుకున్నాను.

చుక్కనీరు గారు ఊహించి రాసిన 55కు మా వంటింటి యంత్రం 61 చూపించింది. వెనుక మూత విప్పి చూస్తే ఆ చిన్న వాల్వు సగానికి పైగా తెరిచి ఉంది. ట్యాంకు కోసం వేరే ఆర్‌ఓ, రెండు డీఐ డబ్బాలు బిగించి, ఇప్పుడు ఆ నీళ్లే పోస్తున్నాను, ఉప్పు కూడా వాటిలోనే కలుపుతున్నాను. మొదటి రెండు వారాలు ఏ మార్పూ కనిపించలేదు. మూడో వారంలో పొర రెండోరోజుకు బదులు నాలుగోరోజుకు వచ్చింది. అయిదో వారం నుంచి పేరుకు ఒక లేత నీడ తప్ప ఏమీ లేదు, అది కూడా నీరు సరిగ్గా కదలని కుడి వెనుక మూలలో మాత్రమే. అక్కడికి వేవ్‌మేకరును (నీటిని కదిలించే పంపును) కొంచెం తిప్పాను. నత్తలు పన్నెండు తెచ్చాను, ఆరు సెరిత్‌లు, ఆరు నస్సారియస్‌లు. మైసిస్ వేయగానే ఇసుకలోంచి ఆరు తొండాలూ ఒకేసారి పైకి వస్తాయి.

ఇసుక ఇప్పుడు ముందువైపు నాలుగున్నర సెంటీమీటర్లు ఉంది. గోబీ బొరియ ఉన్నచోట మాత్రం 7 సెంటీమీటర్లు అలాగే ఉంచాను. ఒక ఆదివారం గొట్టం దాని రాయి దగ్గరకు వెళ్లేసరికి బయటికి వచ్చి, నోటినిండా ఇసుక పట్టి, నేను అప్పుడే శుభ్రం చేసిన గుంటలో ఉమ్మి లోపలికి వెళ్లిపోయింది. ఆ వైపు ఇక వెళ్లడం లేదు.

ఇసుక మొదటిరోజు పంచదార తెలుపులో లేదు. కొంచెం పాత దంతం రంగు వచ్చింది. ఆ రంగు నాకు ఇప్పుడు ఇబ్బందిగా లేదు. ముందు అద్దం కింద నల్లని చార వేలెడు వెడల్పు నుంచి గోటి వెడల్పుకు తగ్గింది, ఎడమ మూలలో కాస్త మిగిలి ఉంది. ఆ వంతు వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు చేస్తాను.